పక్షవాతం: సదస్సుల్లో తేలిన నిజం మన ఇంటికి చేరాలంటే...

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళం ఎక్కడ కలుసుకున్నా పిల్లల చదువులు, ఇళ్ళ ధరలు అయ్యాక మాట చివరికి ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల ఆరోగ్యం మీదికి మళ్ళుతుంది. నేను వృత్తిరీత్యా న్యూరాలజిస్టుని కాబట్టి నా దగ్గర ఆ మాట ఇంకాస్త ముందే వస్తుంది. "పక్షవాతానికి ఇప్పుడు మంచి వైద్యం వచ్చిందటగా డాక్టరు గారూ?" అని అడుగుతారు. నిజమే, వచ్చింది. అయితే అది అందరికీ అందే వైద్యం కాదు. డబ్బున్నా, పేరున్న ఆసుపత్రి ఊళ్ళోనే ఉన్నా, గంటలు మించిపోతే అందదు. ఆ వైద్యం ఎలా వచ్చిందో, దూరాన ఉన్న మనం అది మనవాళ్ళకి అందేలా ఏం చెయ్యగలమో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అసలు జరిగేది ఏమిటి?

మన వాడుకలో పక్షవాతం అంటే కాలూ చెయ్యీ పడిపోవడం. కానీ జబ్బు కాలులోనూ లేదు, చేతిలోనూ లేదు, మెదడులో ఉంది. మెదడుకి రక్తం తీసుకువెళ్ళే ధమనిలో గడ్డ అడ్డుపడితే అది ఒక రకం. ధమని చిట్లి మెదడులోకి రక్తం కారితే అది రెండో రకం. మొదటిదే ఎక్కువమందికి వస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా చెయ్యి పట్టుకుని చూసి ఏ రకమో తేల్చి చెప్పలేడు, సీటీ స్కాన్ తీయాల్సిందే. మొదటి రకానికి ప్రాణం పోసే మందు రెండో రకంలో ప్రాణం తీయగలదు!

గడ్డ అడ్డుపడినప్పుడు మెదడు ఒక్కసారిగా చచ్చిపోదు. కాలవ పూడిపోయిన పొలాన్ని ఊహించుకోండి. కొన్ని మడులు వెంటనే ఎండిపోతాయి. వాటి చుట్టూ ఉన్నవి వాడిపోతాయి గానీ వేళ్ళు బతికే ఉంటాయి. వేళకి నీళ్ళు వదిలితే అవి తేరుకుంటాయి. మెదడులో కూడా చచ్చిన భాగం చుట్టూ ఇలా కొన ఊపిరితో ఉన్న భాగం ఒకటి ఉంటుంది. వైద్యమంతా దాన్ని కాపాడడానికే. పెద్ద ధమని మూసుకుపోతే సగటున నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయని లాస్ ఏంజెలిస్‌కి చెందిన డాక్టర్ జెఫ్రీ సేవర్ 2006లో లెక్కకట్టారు. మేము గంటల గురించి, నిమిషాల గురించి ఎందుకంత కంగారు పడతామో ఆ ఒక్క అంకెతో తెలుస్తుంది.

హొనొలులులో ఓటమి, నాష్‌విల్‌లో గెలుపు

గడ్డని కరిగించే ఆల్టిప్లేజ్ అనే మందు పనిచేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. 1996లో దానికి ఇక్కడ అనుమతి వచ్చింది. లక్షణాలు మొదలైన 3 గంటల్లోపు ఇవ్వాలన్నది అప్పటి నియమం. 2008లో ఒక ఐరోపా అధ్యయనం ఆ గడువుని నాలుగున్నర గంటలకి పొడిగించింది. అయితే మెదడులోని పెద్ద ధమనిలో ఇరుక్కున్న పెద్ద గడ్డని ఈ మందు చాలాసార్లు కరిగించలేదు. మనిషిని మంచాన పడేసేవి ముఖ్యంగా ఆ పెద్ద గడ్డలే.

మందుతో కరగనిదాన్ని చేత్తో లాగేస్తే? తొడ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి, గడ్డని పట్టి బయటికి లాగే పద్ధతి అలా వచ్చింది. దీన్ని త్రాంబెక్టమీ అంటారు. వినడానికి ఎంతో సబబుగా ఉంది కదా! కానీ 2013 ఫిబ్రవరిలో హొనొలులులో జరిగిన అంతర్జాతీయ స్ట్రోక్ సదస్సులో మూడు అధ్యయనాల ఫలితాలు ఒకేసారి చెప్పారు. మూడింటిలోనూ ఆ పద్ధతి మామూలు వైద్యాన్ని మించలేదు. "ఇక దీని కథ ముగిసినట్టే" అనుకున్నవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు.

ఎందుకు ఓడిపోయింది? అప్పట్లో వాడిన పరికరాలు చాలావరకు పాతతరంవి. కొందరు రోగులకి పెద్ద ధమని నిజంగా మూసుకుపోయిందో లేదో ముందు చూడకుండానే వైద్యం చేశారు. అన్నిటికన్నా ముఖ్యం, రోగి వచ్చాక గడ్డ తీసేదాకా చాలా ఆలస్యం అయ్యేది. పద్ధతి మంచిదే, సరైన రోగిని ఎంచుకోవడమూ, వేగమూ లోపించాయి. సదస్సుల వల్ల నిజమైన ఉపయోగం ఇదే. ఓడిన అధ్యయనాన్ని కూడా నలుగురి ముందు పెట్టి విప్పి చూస్తారు.

2014 అక్టోబరులో ఇస్తాంబుల్‌లో జరిగిన ప్రపంచ స్ట్రోక్ మహాసభలో నెదర్లాండ్స్ వైద్యులు ఎమ్మార్ క్లీన్ అనే అధ్యయనం ఫలితాలు చెప్పారు. 500 మంది రోగుల్లో, గడ్డని తీయించుకున్నవాళ్ళలో 32.6 శాతం మంది మూడు నెలలకి తమ పనులు తాము చేసుకోగలిగారు. మామూలు వైద్యం పొందినవాళ్ళలో 19.1 శాతం మందే.

ఆ తర్వాత 2015 ఫిబ్రవరిలో నాష్‌విల్ సదస్సు. ఆ రోజు హాల్లో నేనూ ఉన్నాను. కెనడా వైద్యుల నాయకత్వంలో జరిగిన ఎస్కేప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఎక్స్‌టెండ్ ఐఏ, అమెరికా, ఐరోపాలలో జరిగిన స్విఫ్ట్ ప్రైమ్, మూడూ గెలిచాయి. ఎస్కేప్‌లో తమ కాళ్ళ మీద తాము నిలబడగలిగిన వాళ్ళు 29.3 శాతం నుంచి 53 శాతానికి పెరిగారు. మరణాలు 19 శాతం నుంచి 10.4 శాతానికి తగ్గాయి. మా రంగంలో ఒక వైద్యం మరణాలని దాదాపు సగానికి తగ్గించడం అరుదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, జీవితమంతా పక్షవాతం రోగుల్ని చూసిన డాక్టరు, తెర మీది ఆ అంకెల్ని చూస్తూ చాలాసేపు చప్పట్లు కొట్టడం కూడా మరచిపోయారు.

గడువు పెరిగింది, కానీ...

2017 మేలో ప్రాగ్‌లో డాన్ అనే అధ్యయనం, 2018 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో డిఫ్యూజ్ 3 అనే అధ్యయనం మరో అడుగు ముందుకి వేశాయి. ప్రత్యేకమైన స్కాన్లతో మెదడులో ఇంకా బతికి ఉన్న భాగం ఎంతో చూసి రోగుల్ని ఎంపిక చేశారు. అలా ఎంపిక చేసినవాళ్ళకి మొదటిదాంట్లో 24 గంటల వరకు, రెండోదాంట్లో 16 గంటల వరకు గడ్డ తీసినా మేలు జరిగింది. డాన్‌లో స్వతంత్రంగా బతకగలిగిన వాళ్ళు 49 శాతం. మామూలు వైద్యంతో 13 శాతం.

ఇక్కడే ఒక అపోహ పుట్టింది. "24 గంటలు టైముందట" అని ఈ మధ్య చాలామంది నాతో అంటున్నారు. కాదండీ! ఆ 24 గంటలు అందరికీ కాదు. పక్క ధమనుల్లోంచి కాస్త రక్తం అందుతూ ఉండి, మెదడు మెల్లగా దెబ్బతింటున్నవాళ్ళకి మాత్రమే. ఆ అదృష్టం ఎవరికుందో స్కాన్ తీసేదాకా ఎవరికీ తెలియదు. మిగతావాళ్ళకి నిమిషాల లెక్కే.

2022, 2023 సదస్సుల్లో మెదడు ఎక్కువ భాగం దెబ్బతిన్న రోగుల్లో కూడా కొందరికి గడ్డ తీయడం మేలు చేస్తుందని తేలింది. మందుల్లో కూడా మార్పు వచ్చింది. ఆల్టిప్లేజ్‌ని గంటసేపు ఎక్కించాలి. టెనెక్టిప్లేజ్‌ని ఒక్క ఇంజెక్షనుగా కొన్ని క్షణాల్లో ఇచ్చేయవచ్చు. అమెరికాలో దీనికి పక్షవాతం వైద్యంలో 2025 మార్చిలో అనుమతి వచ్చింది. ఇండియాలో అంతకుముందు నుంచే వాడుతున్నారు. చిన్న ఊరి ఆసుపత్రిలో ఇంజెక్షను ఇచ్చేసి, వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపడానికి ఇది ఎంతో అనుకూలం.

దుబాయ్‌లో ఎదురైన ప్రశ్న

2019 అక్టోబరులో ప్రపంచ న్యూరాలజీ మహాసభ దుబాయ్‌లో జరిగింది. ఒక సాయంత్రం అక్కడ ఉద్యోగం చేసే తెలుగు ఇంజనీరు ఒకాయన పరిచయమయ్యారు. నేను ఉత్సాహంగా చెప్పిందంతా ఓపిగ్గా విని, "ఇవన్నీ బాగున్నాయి సార్. మా అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. నేనిక్కడ ఉండి ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు. ఏ సదస్సులోనూ నన్ను ఎవరూ అంత సూటి ప్రశ్న అడగలేదు.

ఆ ప్రశ్న ఎంత అవసరమో నాకు తెలుసు. నాకు బాబాయి వరస అయ్యే ఒకాయనకి తెల్లవారుజామున మూతి వంకర పోయి, కుడి చెయ్యి పడిపోయింది. ముందు ఇంట్లో నూనె మర్దన. తర్వాత స్కాన్ లేని నర్సింగ్ హోములో సెలైన్ బాటిల్. మధ్యాహ్నానికి ఎవరో "పసరు మందు" అన్నారు. పెద్ద ఆసుపత్రికి చేరేసరికి పదకొండు గంటలు దాటింది. ఆయన బతికారు. కానీ నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు ఇప్పుడు మనవరాలి పేరు పలకలేరు. ఇంట్లోవాళ్ళ ప్రేమకి లోటు లేదు, డబ్బుకీ లోటు లేదు. ఎక్కడికి వెళ్ళాలో ముందుగా తెలియదు, అంతే.

ఇది మన ఒక్క ఇంటి కథ కాదు. గడ్డ తీసే వైద్యం అవసరమైనవాళ్ళలో ఎంతమందికి అందుతోందని వివిధ దేశాల్లో సర్వే చేస్తే, మధ్యస్థంగా చూసినప్పుడు 3 శాతం లోపేనని 2023లో ప్రచురించారు. హైదరాబాదు, విశాఖ వంటి నగరాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో ఈ వైద్యం ఉంది. 2005లో మన రాష్ట్రంలోనే మొదలైన 108 అంబులెన్సు ఉంది. ఈ రెండింటినీ కలపాల్సింది ఇంట్లోవాళ్ళ ముందుచూపే.

దూరాన ఉండి మనం చేయగలిగినవి

1. ఆసుపత్రిని ఇప్పుడే ఎంచుకోండి. మీవాళ్ళు ఉన్న చోటికి దగ్గర్లో 24 గంటలూ సీటీ స్కాన్ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షను ఇచ్చే ఆసుపత్రి ఏది? గడ్డ తీసే సౌకర్యం ఎక్కడుంది, అక్కడికి ఎంతసేపు ప్రయాణం? ఫోన్ చేసి కనుక్కోండి. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వలేం కదా.

2. గుర్తులు నేర్పండి. నవ్వమంటే మూతి ఒక పక్కకి పోవడం, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం లేదా అసలు రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా వచ్చినా వెంటనే బయల్దేరాలి. ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం కూడా ఇలాంటివే. పది నిమిషాల్లో తగ్గిపోయినా వెళ్ళాలి. అది పెద్దదానికి ముందు హెచ్చరిక కావచ్చు. అమ్మానాన్నలకే కాదు, పక్కింటివాళ్ళకి, పనిమనిషికి, వాచ్‌మన్‌కి కూడా చెప్పండి. మాట పడిపోయిన మనిషి తన కోసం తాను ఫోన్ చేసుకోలేడు.

3. గంట గుర్తుపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు పడిపోయారు?" అని కాదు, "ఆఖరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" అని. నిద్రలో వస్తే, ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే, దీనికి జవాబు ఊళ్ళో ఎవరి దగ్గరా ఉండకపోవచ్చు. కానీ రాత్రి వీడియో కాల్‌లో అమ్మ మీతో చక్కగా మాట్లాడి ఉంటే, ఆ గంట మీ ఫోన్‌లో నమోదై ఉంటుంది! దాన్ని ఇండియా టైములోకి మార్చి వెంటనే డాక్టరుకి చెప్పండి. వైద్యం ఇవ్వవచ్చా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉండవచ్చు.

4. చేయకూడనివి చెప్పండి. స్కాన్ కాకుండా ఆస్పిరిన్ వెయ్యకూడదు. లోపల రక్తం కారుతుంటే ప్రమాదం. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టకూడదు. కాఫీ, మంచినీళ్ళు పట్టకూడదు; మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనె మర్దనలు, పసర్లు, పావురం రక్తం, వీటికి పోయే ప్రతి నిమిషమూ మెదడుకి నష్టం.

5. ఒక కాగితం, ఒక మనిషి. వాడుతున్న మందుల జాబితా, ముఖ్యంగా రక్తం పల్చబడే మందులు, తలుపు వెనక అంటించి ఉంచండి. అర్ధరాత్రి సంతకం పెట్టడానికి, డబ్బు కట్టడానికి దగ్గర్లో ఉన్న ఒకరిని ముందే అనుకోండి. "అబ్బాయికి ఫోన్ చేసి అడిగి చెప్తాం" అనే మాటతో ఎన్నో ఇళ్ళలో విలువైన అరగంట పోతోంది. "నన్ను అడగక్కర్లేదు, తీసుకెళ్ళండి" అని ఈరోజే చెప్పి ఉంచండి.

అన్నిటికన్నా చవకైన వైద్యం

పక్షవాతం ముప్పులో 90 శాతం దాకా మార్చుకోగల పది కారణాల వల్లేనని ఇంటర్‌స్ట్రోక్ అనే అంతర్జాతీయ అధ్యయనం చెప్పింది. వాటిలో అన్నిటికన్నా పెద్దది అధిక రక్తపోటు. 32 దేశాల్లో జరిపిన దాని రెండో దశలో, 2016లో, దాదాపు సగం వాటా దానిదేనని తేలింది. రక్తపోటు నొప్పి పెట్టదు కాబట్టి మాత్ర మానేస్తారు. "ఇప్పుడు బాగానే ఉంది, ఎందుకు వెయ్యడం?" అంటారు. మాత్ర వేస్తున్నారు కాబట్టే బాగుందని మనమే చెప్పాలి. ఇంట్లో బీపీ మిషను ఒకటి కొనిపెట్టండి. ఆవకాయ మానేయమని చెప్పలేను గానీ, తగ్గించమని తప్పక చెప్పండి. ఇదే మాట నలభై దాటిన మనకీ వర్తిస్తుంది.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు కుశల ప్రశ్నలయ్యాక ఒక్క ప్రశ్న అదనంగా అడగండి: "నాన్నా, రాత్రిపూట ఉన్నట్టుండి మాట పడిపోతే ఏ ఆసుపత్రికి వెళ్తారు?" జవాబు వెంటనే వస్తే సంతోషం. రాకపోతే, ఆ జవాబు దొరికేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.