బంగిల్ చేయుట

చదువుకొన్నవారి యిండ్లలో నొక యింగ్లీషు క్రియ తఱచుగా మా చెవిని బడుచున్నది. చేతగాక పనిని చెఱచుటకు "బంగిల్ చేయుట" యని పేరు. ఇది గాజులకు సంబంధించిన మాట యని సోదరీమణులు భ్రమింపరాదు. గాజని యర్థమిచ్చు బ్యాంగిల్ హిందీనుండి యింగ్లీషునకు బోయినది; ఈ బంగిల్ 16వ శతాబ్దమునుండి వారి భాషలో నున్నది.

ఇంగ్లీషు క్రియ తెలుగువాక్యమున నిలుచుటకు సాధారణముగా చేయు, అగు అను మన క్రియల యూత కావలయును. "బంగిల్ చేసితివి" యన్నచో నింద యొకరిపై బడును. "బంగిల్ అయినది" యన్నచో నెవరిపైనను బడదు. ఏమి చెడినదో, యేల చెడినదో రెంటను దెలియదు.

మన వంటయింటి మాటలను జూడుడు. అన్నము చిమిడినదనగా నీరో, యుడుకో మించినది. పలుకుగా నున్నదనగా నింకను ఉడుకవలయును. మాడినదనగా మంట హెచ్చినది. మన సీమవారి రాగిసంగటి యుండలు గట్టినదనగా పిండిని దెడ్డుతో చక్కగా గెలుకలేదు. పాకము ముదిరినదనగా దింపుట యాలస్యమైనది. తప్పు పేరు వినగానే దిద్దుకొను దారియు దెలియుచున్నది.

చేతిపనులందును నిట్లే. నేటి తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి యారవేయుదురు. అది చాలనిచో కలముతో గీచిన గీత ప్రక్కలకు బాకును. "రంగు పాకినది" యన్నచో శిష్యుడు బట్టను మరల జూచుకొనును. "బంగిల్ చేసితివి" యన్నచో తల వంచుకొనును.

పొయ్యికడ క్రొత్తగా నిలిచిన పిల్లగాని, క్రొత్తకోడలు గాని పదిమంది యెదుట నామాట విన్నచో చిన్నబోవును. మఱునాడు గరిటె పట్టుటకే జంకును. ఎన్నడును గరిటె పట్టనివారే యీ మాటను ధారాళముగా వాడుటయు గలదు!

మేము ఇంగ్లీషు మాటలకు విరోధులము కాము. రైలు, పోస్టు, పెన్సిలు మన భాషలో సుఖముగా నున్నవి. కాని పని నేర్పవలసినచోట మన మాటయే మేలు. "పాకము ముదిరినదమ్మా, రేపు తీగ సాగగానే దింపుము" అని యత్తగారన్నచో తప్పును, దిద్దుబాటును, ఆదరమును మూడును కోడలికి ముట్టును.