మాత్రను దాచకండి... మానకండి!

మూర్ఛ అనగానే మన ఇళ్ళల్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. ఆదోని అయినా, ఎమ్మిగనూరు అయినా, పెళ్ళీడు పిల్లకు ఫిట్స్ వస్తే తల్లికి జబ్బు కన్నా నలుగురికీ తెలుస్తుందన్న బెంగే ఎక్కువ.

నేనెరిగిన ఒక నేతగాళ్ళ ఇంటి కోడలు పెళ్ళికి ముందు మూడేళ్ళపాటు మాత్రలు వాడి హాయిగా ఉండేది. అత్తారింట్లో అడుగుపెట్టగానే ఆపేసింది. "మింగేది చూస్తే అత్తోళ్ళు ఏమనుకుంటారోనని మానేసినా అక్కా" అంది. నెల తిరక్కుండానే పొయ్యి దగ్గర పడి చెయ్యి కాల్చుకుంది. దాచాలనుకున్నది దాగిందా?

మెదడులో ఏం జరుగుతుంది?

మెదడులోని కణాలు రసాయనాలతో కబుర్లు పంపుకుంటాయి. గ్లూటమేట్ వాటిని రేపుతుంది, గాబా శాంతపరుస్తుంది. ఈ తూకం తప్పి బోలెడు కణాలు ఒక్కసారే రేగితే అదే ఫిట్. మగ్గం మీద పడుగు పోగులన్నీ ఒకేసారి లేస్తే నేత సాగుతుందా? ఇదీ అంతే.

గ్లూటమేట్ రేపినప్పుడు కొన్ని కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దాని ఆయుష్షు కొద్ది సెకన్లే. ఇది రక్తనాళాలను సడలించే కబురు మోస్తుందని కనుగొన్న ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. మూర్ఛలో మాత్రం దీనిది రెండు రకాల నడత. జంతువుల మీద ప్రయోగాల్లో ఇది పుట్టకుండా అడ్డుకుంటే కొన్నిసార్లు ఫిట్స్ తగ్గాయి, కొన్నిసార్లు పెరిగాయి. ఫిట్స్ మందుల బలం కూడా అలాగే ఒకచోట పెరిగింది, ఇంకోచోట తగ్గింది. మెదడు తూకం అంత సున్నితం. అలాంటిదాన్ని మన ఇష్టానికి కదిలించవచ్చా?

మాత్ర చేసే కాపలా

1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ గాబాకు బలమిస్తుంది. 1938లో వచ్చిన ఫెనిటాయిన్, కణాల్లోకి సోడియం పదేపదే దూసుకెళ్ళకుండా అడ్డుపడుతుంది. మందు ఒంట్లో ఉన్నంతవరకే ఈ కాపలా. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ మీద ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరే చెప్పాలి. సరిగ్గా వాడితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నిద్ర చెడినా ఫిట్స్ రావచ్చు. నీలకంఠేశ్వరస్వామి జాతరకు వెళ్ళండి, కానీ ఆ పిల్లచేత రాత్రంతా జాగారం చేయించకండి. బిడ్డ కావాలనుకునేవాళ్ళు ముందే డాక్టరును కలవాలి. వాల్‌ప్రోయేట్ లాంటి మందు కడుపులో బిడ్డకు చెరుపు చేయవచ్చు. అలాగని గర్భం రాగానే సొంతంగా ఆపేయడమూ తప్పే.

పెళ్ళికి చట్టం అడ్డురాదు

1976 సవరణ ప్రకారం, పదేపదే వచ్చే మూర్ఛ హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకిగా ఉండేది. 1999లో ఆ మాటను తీసేశారు. చట్టమే ఒప్పుకున్నాక మనకెందుకు జంకు? సంబంధం మాట్లాడేటప్పుడే ఉన్నదున్నట్టు చెప్పండి. విని వెనక్కి పోయేవాళ్ళు ముందే పోవడం మేలు.

ఎవరికైనా ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అత్తగార్లూ, ఒక్క మాట! బీపీ మాత్ర మీరెలా అందరి ముందూ వేసుకుంటారో, కోడలూ తన మాత్ర అలాగే వేసుకోనివ్వండి. "వేసుకున్నావా అమ్మా?" అని మీరే ఓసారి అడగండి.