వార్తల్లో పదం: ఓసీడీ చికిత్సా మార్గదర్శకాలు

తాండూరులో నాపరాయి పాలిష్ పని ముగించుకుని వచ్చినవాళ్లు చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటే అది శుభ్రత. దుమ్ము పోయిందని తెలిసినా, చర్మం పగులుతున్నా ఆపుకోలేక గంటల తరబడి కడుగుతూనే ఉంటే అది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (ఓసీడీ) కావచ్చు. ఇంట్లోవాళ్లు చాలాసార్లు చాదస్తమని కొట్టిపారేస్తారు.

ఓసీడీకి మొదట ఏ మందు ఇవ్వాలి, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, గుణం కనిపించకపోతే తర్వాతేమిటి? ఇలాంటి ప్రశ్నలపై పరిశోధనలను బేరీజు వేసి నిపుణులు ఇచ్చే సిఫార్సులే మార్గదర్శకాలు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2005లో వీటిని ప్రకటించింది. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2017లో వెలువరించిన వాటిని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వైద్యులు రాశారు.

సారాంశమిది: మొదట ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి ఎస్ఎస్ఆర్ఐ మందులు గానీ, ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే శిక్షణ గానీ, అవసరమైతే రెండూ గానీ. ఈఆర్‌పీలో, ఉదాహరణకు, రోగి మురికని భయపడే తలుపు గడియనే ముట్టుకుని, చేతులు కడుక్కోకుండా ఓర్చుకోవడం అలవాటు చేస్తారు. మందు పనిచేసిందో లేదో తేల్చడానికి దాదాపు 12 వారాలు ఆగాలి. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలి. సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు.

వికారాబాద్, తాండూరు వాసులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా సలహా పొందవచ్చు.