గుర్రం ఎద్దు కాదు... కొట్టంలో కట్టే ముందు ఒక్కసారి ఆలోచించండి

పెళ్లిళ్లు మొదలైతే కొల్లాపూర్ వైపు కూడా బారాత్ గుర్రానికి గిరాకీ వస్తుంది. ఒక్క రాత్రి కిరాయి చూసి ‘రెండెకరాల చెలక ఉంది, కొట్టం ఖాళీగా ఉంది, ఓ గుర్రాన్ని తెచ్చి కట్టేస్తే పోదా’ అని మీకూ అనిపించవచ్చు. రాయితీ మాట కూడా చెవిన పడే ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పశుసంపద మిషన్‌లో గుర్రం, గాడిద, ఒంటెలను చేర్చి, పెట్టుబడిలో సగం, 50 లక్షల రూపాయలకు మించకుండా ఇస్తామంది. అయితే అది యూనిట్లు పెట్టి సంతతిని పెంచే వారి కోసం. కిరాయికి ఒక గుర్రం కొనే చిన్న రైతు దాన్ని నమ్ముకుని అప్పు చేయరాదు.

ముందు లెక్క చూసుకోండి. మూడు వందల కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత కావాలి. ఏడాదికి రెండున్నర టన్నులన్న మాట. నీళ్లు రోజుకు పాతిక, ముప్పై లీటర్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువ. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ముహూర్తాలుండవు, దాని కడుపు మాత్రం ఆగదు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. పోనీ దున్నకానికి పనికొస్తుందా అంటే మన కాడి ఎద్దు మూపురం కోసం చేసింది. అదే కాడి గుర్రం మెడ మీద పెడితే గొంతు నొక్కుకుపోయి ఊపిరాడదు. దానికి మెడపట్టీ, పగ్గాలు వేరే ఉండాలి.

అసలు తిప్పలన్నీ మేత దగ్గరే మొదలవుతాయి. ఎద్దుకు నాలుగు అరల పొట్ట ఉంది, నెమరు వేస్తుంది, కొంచెం చెడ్డ మేత తిన్నా తట్టుకుంటుంది. గుర్రానిది ఒకే చిన్న పొట్ట. పైగా తిన్నది కక్కలేదు. అందుకని ఒక్కసారే గింజలు ఎక్కువగా తిన్నా, బూజు పట్టిన చొప్ప తిన్నా కడుపుశూల పట్టుకుంటుంది. వానకు తడిసి బూజెక్కిన మక్క కంకుల్లోని విషం గుర్రం మెదడును కరిగిస్తుంది. వేరుశనగ కట్టె మట్టి దులపకుండా వేస్తే ఇసుక పేగుల్లో పేరుకుంటుంది.

పాలమూరు, నల్లగొండ రైతులకు ఆముదం కొత్త కాదు. ఆముదం చెక్కను చెట్ల పాదుల్లో ఎరువుగా వేస్తుంటాం. ఆ గింజల్లోని విషానికి పశువుల్లో అందరికన్నా ముందు చచ్చేది గుర్రమే. చెక్క బస్తా దాని మూతికి అందకుండా దాచండి. కోళ్ల దాణా కూడా పెట్టకండి. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి మేలు చేస్తుంది, గుర్రం గుండెను దెబ్బతీస్తుంది. మన ఉలువలు మంచి దాణాయే. నానబెట్టి ఉడికించి, కొద్దికొద్దిగా రెండు మూడు పూటలకు పంచి పెట్టండి. మేత మార్చాలంటే వారం, పది రోజులు పట్టాలి.

గుర్రం పదేపదే డొక్క వైపు చూస్తున్నా, ముందు కాలితో నేల గీరుతున్నా, పడి పొర్లుతున్నా, పేడ వేయకపోయినా అది శూలే. అప్పుడు ఎడ్లకు పోసినట్టు గొట్టంతో నూనె, కషాయం పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే మందే ప్రాణం తీస్తుంది. మేత తీసేసి, పశువైద్యుణ్ణి పిలిపించండి.

ఇక కొట్టం సంగతి. ఎడ్లు, బర్రెల పక్కనే కట్టేస్తే జోరీగలు ఒకదాన్ని కుట్టి ఇంకోదాని మీద వాలతాయి. సర్రా జబ్బు ఇలాగే పాకుతుంది. గొడ్లలో ఆ క్రిమి పైకి ఏమీ తెలియకుండా దాగి ఉండవచ్చు. గుర్రానికి అంటితే జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, రక్తం తగ్గుతుంది, కాళ్లు, పొట్ట కింద నీరు దిగుతుంది. మేత తింటూనే చిక్కిపోతుంటే ఆలస్యం చేయకండి. వైద్యం అందకపోతే సాధారణంగా బతకదు. శ్రీశైలం వెనుక జలాల అంచు పల్లెల్లోనూ, వానాకాలంలో అన్నిచోట్లా ఈగల మీద కన్నేసి ఉంచాలి.

కంచె ముళ్లతీగ అయితే ఇంకో గండం. బెదిరిన గుర్రం ఆగదు, తీగలో పడి కాళ్లు చీల్చుకుంటుంది. ధనుర్వాతం అన్ని పశువులకన్నా గుర్రానికే త్వరగా వస్తుంది, టీకా తప్పదు. మామిడి తోటలో విడిచిపెడితే లేత చెట్ల బెరడు పీక్కు తింటుంది. కొల్లాపూర్ మామిడి రైతుకు ఆ నష్టం వేరే చెప్పాలా! గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కోసి సరిచేయాలి. ఎద్దుకు నాడాలు కొట్టేవారు ఊళ్లో దొరికినా, చీలిన గిట్టకు రెండు ముక్కల నాడా కొట్టడం వేరు, గుర్రపు ఒంటి గిట్టకు కొట్టడం వేరు. తెలియని చేత మేకు లోపలికి దిగితే ఆ సీజను కిరాయి పోయినట్టే.

సంస్థానాల కాలంలో లాయంలో మనుషులుండి గుర్రాలకు సేవ చేసేవారు. జటప్రోలు సంస్థానాధీశుల ఊరైన కొల్లాపూర్‌లో ఇప్పుడు ఆ పని కొన్నవాడే, ఇంటివాళ్లే చేసుకోవాలి.

ఇన్ని తెలిసీ కొనదలచుకుంటే అడ్వాన్సు ఇచ్చే ముందు రక్తపరీక్ష చేయించండి. ముఖ్యంగా గ్లాండర్స్‌కు. ముక్కు నుంచి చీము కారడం, చర్మంపై గడ్డలు లేచి పగలడం దాని గుర్తులు. ఇది మనిషికీ సోకుతుంది. టీకా లేదు, తేలితే గుర్రాన్ని చంపి పాతిపెట్టాల్సిందే. పరీక్షలు హర్యానాలోని హిసార్ జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ద్వారా జరుగుతాయి, నమూనా పంపే ఏర్పాటు మీ పశువైద్యుణ్ణి అడగండి. రిపోర్టు రాకముందే బేరం తెగ్గొట్టమని తొందరపెట్టే దళారి మాట వినకండి. కొన్నాక మిషన్ కింద బీమా చేయించండి, ప్రీమియంలో రైతు వాటా 15 శాతమే.