ఊరి దూరానికి సరిపోయే బండి

కారు కొన్నది నెలకోసారి వెళ్లే పట్నం కోసం. రోజూ తిరిగేది మాత్రం పొలం, పాలకేంద్రం, బడి, బస్టాపు. ఈ చిన్న దూరాలకు మూలన పడిన సైకిలు మళ్లీ అక్కరకొస్తుందా?

ఇంటి ముందు రేకుల షెడ్డు. అందులో గుడ్డ కప్పిన కారు. దాని వెనక గోడకు ఆనించిన సైకిలు. ముందు చక్రంలో గాలి లేదు, చైను తుప్పు పట్టింది, కారియర్ మీద ఖాళీ ఎరువుల సంచులు మడిచి పెట్టి ఉన్నాయి. గోదావరి జిల్లాల్లోనైనా, నల్గొండ వైపైనా ఇలాంటి వాకిళ్లు ఇప్పుడు వింత కాదు. మొదట్లో ఆ గుడ్డ తీసేది పెళ్లికో, ఆస్పత్రికో, రైలుస్టేషన్‌కో. ఇప్పుడు కిలోమీటరున్నర అవతలి కిరాణా కొట్టుకూ, రెండు కిలోమీటర్ల దూరంలోని చేనుకూ తీస్తున్నారు.

పల్లెలో మనిషి రోజూ తిరిగే దూరాలను ఒకసారి లెక్కపెట్టి చూడాలి. పొలం కిలోమీటరో రెండో. పాలకేంద్రం ఊరి మధ్యలోనే. హైస్కూలు పక్క ఊళ్లో, మూడు నాలుగు కిలోమీటర్లు. బ్యాంకు, ఎరువుల కొట్టు, వారపు సంత ఉండే మండల కేంద్రం చాలా ఊళ్లకు ఐదు నుంచి పది. మామూలు మనిషి ఆయాసపడకుండా తొక్కినా సైకిలు గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోతుంది. ఐదు కిలోమీటర్లంటే ఇరవై, పాతిక నిమిషాలు. జిల్లా కేంద్రం నలభై కిలోమీటర్లు ఉంటుంది, అది నిజమే. అయితే అక్కడికి నెలకు ఎన్నిసార్లు పోతారు? ఆ ఒకటి రెండు ప్రయాణాలను చూసి కొన్న బండి మిగిలిన రోజుల తిరుగుడంతా తన మీదే వేసుకుంటోంది. పల్లెలో కారు తెచ్చిన చిక్కు ఇదే.

గంటకు ఐదు కిలోమీటర్ల కారు

ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1970ల మొదట్లో అమెరికా వాళ్ల కార్ల మీద ఒక లెక్క వేశాడు. కారు నడపడానికి పట్టే గంటలే కాదు, దాని వాయిదాలు, పెట్రోలు, బీమా, మరమ్మతుల కోసం ఉద్యోగంలో గడిపే గంటలనూ కలిపాడు. సగటు అమెరికన్ ఏడాదికి 1,600 గంటలు కారుకే ధారపోసి 7,500 మైళ్లు, అంటే సుమారు 12,000 కిలోమీటర్లు తిరుగుతున్నాడని తేల్చాడు. భాగించి చూస్తే గంటకు ఏడున్నర కిలోమీటర్లు. అంతకంటే సైకిలే వేగం.

అదే లెక్కను మన ఊళ్లో నెలకు 40,000 రూపాయలు సంపాదించే ఇంటికి వేసి చూద్దాం. ఐదు లక్షల అప్పు, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 10,500. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 3,300 దాకా. బీమా, సర్వీసింగు కలిపి నెలకు 2,000 వేసుకున్నా మొత్తం 15,800 అవుతుంది. నెలకు 200 గంటలు పనిచేసే మనిషికి గంటకు పడేది 200 రూపాయలు. కాబట్టి కారు కోసమే 79 గంటలు పనిచేయాలి. దాన్ని నడపడానికి మరో 17 గంటలు. తొంభై ఆరు గంటలకు 500 కిలోమీటర్లు! గంటకు ఐదు కిలోమీటర్ల పైచిలుకు. చురుగ్గా నడిచే మనిషి వేగం అంతే ఉంటుంది.

అప్పు తీరిపోయాక ఈ లెక్క కొంత మెరుగుపడుతుంది. పొలాలు చెల్లాచెదురుగా ఉన్నవాళ్లకు, సరుకు వేసుకుని రోజూ పట్నం పోయే వ్యాపారికి లెక్కే వేరు. కానీ షెడ్డులో నిలబెట్టడానికి నెలకు పదివేలు కట్టే ఇంటికి ఈ అంకెలు కాగితం మీద కనబడితే మంచిది. పదివేల లోపు ధరకే మామూలు సైకిలు వస్తుంది. ఒకసారి కడితే చాలు.

అలకపాన్పు మీద సైకిలు

ఒకప్పుడు అలకపాన్పు ఎక్కిన అల్లుడు అడిగేది సైకిలు, వాచీ, రేడియో. తర్వాతి తరం అల్లుడు స్కూటరు అడిగాడు, ఆ తర్వాత మోటారు సైకిలు, ఇప్పుడు కారు. సైకిలు పల్లె గుమ్మం దిగిపోయింది దూరం పెరిగి కాదు. ఊళ్లూ పొలాలూ ఉన్నచోటనే ఉన్నాయి. గౌరవమనేది ఒక బండి మీంచి ఇంకో బండి మీదికి ఎక్కింది, అంతే. సైకిలు మీద పోతుంటే ‘పాపం, ఏమీ లేదేమో’ అనుకునే చూపు ఉంది చూశారా, ఆ చూపుకు భయపడి బండి కొన్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ కనబడతాయి.

ఈ చూపును లెక్కచేయని పెద్దలు తెలుగునాట ఉన్నారు. పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు వెళ్లాక ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లేవారు. ఇల్లందు నుంచి ఐదుసార్లు శాసనసభకు ఎన్నికైన గుమ్మడి నర్సయ్యను సైకిలు మీద చూసినవాళ్లు ఆ ప్రాంతంలో కొల్లలు. పదవి వల్ల వాళ్ల బండి మారలేదు. నాయకుల నిరాడంబరత కింద ఈ కథలు చెప్పుకుని వదిలేస్తాం గానీ, అందులో మామూలు ఇంటికి పనికొచ్చే మాట కూడా ఉంది. పోవాల్సిన దూరం ఎంతో, మోయాల్సిన బరువు ఎంతో చూసి బండిని ఎంచుకున్నారు వాళ్లు.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలోని గ్రామీణ కుటుంబాల్లో 46.2 శాతానికి సైకిలు ఉంది. కారో జీపో ఉన్నవి 2.3 శాతం. అప్పటినుంచి కార్లు పెరిగాయి. కానీ గోడకు ఆనించిన ఆ సైకిళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి, ట్యూబు మారిస్తే కదిలేలా.

పుదుక్కోట్టై ఆడవాళ్లు

సైకిలు పల్లె బతుకును ఏ మేరకు మార్చగలదో తెలియాలంటే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాకు, 1990ల మొదటి రోజుల్లోకి వెళ్లాలి. అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యతా ఉద్యమం 1991లో అక్కడ ఊపందుకుంది. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు తొక్కడాన్నీ ఆ ఉద్యమంలో కలిపారు. చదువు చెప్పే కార్యకర్తలు ఊరూరా తిరగాలంటే ముందు వాళ్లకు కాళ్లు కావాలి కదా. ఆడవాళ్లు సైకిలు కొనుక్కోవడానికి బ్యాంకు అప్పులు ఇప్పించారు. పొద్దున్నే మైదానాల్లో ఒకరికొకరు సీటు పట్టుకుని నేర్పుకున్నారు. కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బడిపంతులమ్మలు, నర్సులు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ అక్కడికి వెళ్లి రాసిన కథనం ప్రకారం లక్ష మందికి పైగా గ్రామీణ మహిళలు ఇలా సైకిలు ఎక్కారు.

ఆ కథనంలో ఒక చిన్న సంగతి ఆగి ఆలోచింపజేస్తుంది. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లు కొన్నారు. చాలామంది వాటినే ఇష్టపడ్డారు కూడా. సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య ఉండే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! ముందు బిడ్డ, వెనక కారియర్‌కు నీళ్ల బిందెలు. అంతకుముందు సరుకు అమ్ముకోవాలంటే బస్టాపు దాకా నెత్తిన మోసుకుపోవాలి, బస్సు కోసం ఎదురుచూడాలి, లేదంటే భర్తో, తండ్రో, కొడుకో దించి రావాలి. సైకిలు వచ్చాక ఒకే పూటలో నాలుగు ఊళ్లు తిరిగి వచ్చి ఇంటిపని అందుకున్నారు. మిగిలిన సమయం వాళ్లదే.

బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి చేరే ఆడపిల్లలకు సైకిళ్ల పథకం పెట్టారు. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. సరైన వయసులో హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. ఆ పెరుగుదల ఎక్కువగా హైస్కూలుకు మూడు కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్లలో కనబడింది. నడకకు దూరమైనది సైకిలుకు దగ్గరైంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017లో ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లు ఇచ్చారు.

బరువు సంగతేమిటి?

సైకిలు అనగానే పల్లెలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. మూటా ముల్లె ఎట్లా? ఈ ప్రశ్నకు జవాబు పల్లెకే తెలుసు. రెండు వైపులా పాలక్యాన్లు తగిలించుకుని తెల్లవారుజామున పోయే పాలవాళ్లు, కల్లు లొట్టిలు కట్టుకుని తాటివనం నుంచి వచ్చే గీత కార్మికులు, గడ్డిమోపు వేసుకుని నడిపించుకొచ్చే రైతులు ఇక్కడివాళ్లే. జార్ఖండ్‌లో ఒక్కో సైకిలుకు 200 కిలోల బొగ్గు బస్తాలు కట్టి కొండదారుల్లో నెట్టుకుపోతారు. అది బతుకు కోసం పడే ఘోరమైన కష్టం. దాన్ని ఎవరూ ఆదర్శంగా చూపకూడదు. అయితే ఇనుప సైకిలు దృఢత్వానికి అది సాక్ష్యం. ఇంటి అవసరానికి పాతిక కిలోల బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు, వారానికి సరిపడా కూరగాయలు వస్తే చాలు. గట్టి కారియర్, రెండు కాళ్ల స్టాండు, పాత ట్యూబు నుంచి కోసుకున్న కట్టుతాడు ఉంటే అవన్నీ వస్తాయి.

వయసు మళ్లినవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, ఎత్తుపల్లాల ఊళ్లకు మోటారు సాయం ఉండే ఎలక్ట్రిక్ సైకిలు మరో దారి. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటని వేగం ఉన్నవాటికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో ఇప్పుడు అమ్ముడవుతున్న కొత్త సైకిళ్లలో దాదాపు సగం ఇలాంటివే.

ఆ దేశం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. డచ్చివాళ్లు పుట్టుకతోనే సైకిలు మనుషులని చాలామంది అనుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా కార్లే రోడ్లన్నీ ఆక్రమించాయి. 1971లో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో పిల్లలే 400 మందికి పైగా. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. 1973 చమురు సంక్షోభంతో ఆదివారాలు కార్లు ఆపేశారు. ఆ తర్వాతి యాభై ఏళ్లలో పట్నాల్లోనే కాదు, పొలాల మధ్య రోడ్ల వెంబడి కూడా విడిగా సైకిలు దారులు వేసుకున్నారు. ఇప్పుడు పల్లె పిల్లలు పది కిలోమీటర్ల దూరంలోని బడికి సైకిళ్ల మీద గుంపుగా పోతారు. రోడ్డు మారింది కాబట్టే ఆ అలవాటు నిలబడింది.

అడ్డం పడుతున్నది రోడ్డు అంచు

ఎండాకాలం మధ్యాహ్నం 44 డిగ్రీల్లో ఎవరినీ సైకిలు తొక్కమనడం న్యాయం కాదు. పల్లె పనులు చాలావరకు పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత జరిగేవే కాబట్టి అది కొంత నయం. నిండు గర్భిణిని, గుండెనొప్పి వచ్చిన మనిషిని తీసుకుపోవడానికి సైకిలు పనికిరాదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్సు ఉన్నది అందుకే. దూర ప్రయాణానికి బస్సు ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. పల్లెవెలుగు బస్సు ఆగే రోడ్డు మాత్రం చాలా ఊళ్లకు రెండు మూడు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడిదాకా సైకిలు, అక్కడినుంచి బస్సు. ఈ రెండూ జతపడితే కారు చేసే పనిలో చాలా భాగం తీరిపోతుంది. కావలసింది బస్టాపు దగ్గర నాలుగు స్తంభాల నీడ, తాళం వేసుకోవడానికి ఒక ఇనుప కడ్డీ.

భయమల్లా రోడ్డు మీదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు 1,68,491 మంది బలయ్యారు. ఆ చావుల్లో మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతాల్లోనే. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వేశారు, పైన సౌరఫలకాల కప్పుతో. మంచి పనే. పల్లెకు అంత వైభోగం అక్కర్లేదు. ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన కింద వేసిన రోడ్డు సాధారణంగా 3.75 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఎదురుగా ట్రాక్టరో, ఇసుక లారీయో వస్తే సైకిలు తారు దిగక తప్పదు. దిగేచోట తారుకూ మట్టికీ మధ్య జానెడు గుంత. ముందు చక్రం ఆ అంచుకు తగిలి జారితే మనిషి పడేది ఎదురొచ్చే బండి వైపే.

సైకిలు మళ్లీ బయటికి తీయాలనుకునే ఇంటికి ఖర్చు పెద్దగా లేదు. కొత్త ట్యూబులు, చైనుకు నూనె, బ్రేకు రబ్బర్లు, వెనక ఎర్రటి రిఫ్లెక్టరు, ముందు లైటు, చీరకొంగు చిక్కుకోకుండా చైనుకు కవరు, వెనక చక్రానికి జాలీ. ఇంకొకటి సీటు ఎత్తు. మన ఊళ్లలో చాలామంది సీటును బాగా కిందికి దించి తొక్కుతారు, తర్వాత మోకాళ్ల నొప్పులంటారు. పెడలు కిందికి వచ్చినప్పుడు కాలు దాదాపు చాపుకున్నట్టుండాలి. టైరులో గాలి గట్టిగా ఉండాలి. ఈ రెండూ సరిచేస్తేనే పాత సైకిలు సగం తేలికవుతుంది.

ఇంటివాళ్లు చేసుకోగలిగేది ఇంతవరకే. రోడ్డు అంచు పంచాయతీది, రోడ్ల శాఖది. వానాకాలం ముందు ఆ అంచులను మొరంతో నింపి, తారుకు సమానంగా దిమ్మిస కొట్టాలి. రోడ్డు మీదికొచ్చిన సర్కారు తుమ్మ కొమ్మలు కొట్టించాలి. మొదట హైస్కూలు దారిలో, రెండు వైపులా మీటరు మేర చేసినా చాలు. జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున, వెనక నుంచి లారీ హారన్ కొట్టినప్పుడు, తొమ్మిదో తరగతి పిల్ల బ్రేకు పట్టకుండానే పక్కకు తప్పుకుని, తొక్కుతూనే పోగలుగుతుంది.