నేలను విడుచుట

పూర్వము కరీంనగరు జిల్లాలోనిదై నేడు పెద్దపల్లి జిల్లాలో చేరిన రామగుండమునకు సమీపమున బసంతనగర్ అను ఊరు గలదు. అచటి సిమెంటు కర్మాగారము చేరువను విమానములు పరుగెత్తుటకై వేసిన బాట యొకటి యున్నది. బాట యున్నంతమాత్రమున విమానము లేవదు. ఇంజను బలముతో అది ముందునకు ఉరుకవలెను. వేగము హెచ్చినకొలది గాలి రెక్కలను పైకెత్తు బలము హెచ్చును. ఆ బలము విమానపు బరువును మించినంతనే చక్రములు నేలను విడుచును. దీనినే టేకాఫ్ అందురు. వేగము చాలనిచో పైలటు ముందుగనే ఆగవలెను. ఒక మేర దాటిన పిమ్మట ఆగుటకు మిగిలిన బాట చాలదు.

ఈ మాటను ఆర్థికశాస్త్రమున ప్రసిద్ధము చేసినవాడు అమెరికా పండితుడు వాల్ట్ రోస్టో. 1956లో ఒక వ్యాసమునను, 1960లో ఒక గ్రంథమునను ఆయన దీనిని వివరించెను. జాతీయాదాయములో ఉత్పత్తికై వెచ్చించు పెట్టుబడి నూటికి 5 వంతులనుండి 10 వంతులకు మించవలెను. కొన్ని పరిశ్రమలు వడిగా పెరుగవలెను. అంతట దేశాభివృద్ధి తనంత తాను సాగునని ఆయన మతము. భారతదేశమునకు ఆ దశ 1952లో మొదలైనదని ఆయన అంచనా. లెక్కలలో అట్టి ఆకస్మికమైన ఎగురుట కానరాదని సైమన్ కుజ్నెట్స్ ఆక్షేపించెను.

తెలుగు పాఠ్యగ్రంథములలో దీనిని ప్లవన దశ యనిరి. ప్లవనమనగా తేలుట, దుముకుట. కోతికి ప్లవగమను పేరు అందువలననే కలిగినది. కోతి దుమికి మరల నేలకు దిగును గదా! ఈ పేరు పెట్టినవారు తలపకయే అందులో ఒక హెచ్చరిక నిలిపిరేమో యని నాకు తోచును.

రోస్టో చెప్పినది దేశములను గూర్చి. ఊళ్లను గూర్చి కాదు. అయినను రామగుండమును చూడుడు. సింగరేణి బొగ్గు, గోదావరి నీరు రెండును అచట చేరువనే కలవు. 1983లో మొదటి యూనిటుతో ఆరంభమైన ఎన్‌.టి.పి.సి. విద్యుత్కేంద్రము 2600 మెగావాట్లకు పెరిగినది. ఆ బొగ్గునే నమ్మి యూరియా చేయుటకై నెలకొల్పిన ఎరువుల కర్మాగారము 1980లో ఉత్పత్తి ప్రారంభించియు, యంత్రముల చిక్కులచేతను విద్యుత్తు కొరతచేతను నష్టములపాలై 1999లో మూతపడెను. అచట పనిచేసినవారు వేరు బ్రతుకుతెరువు వెదకుకొనవలసివచ్చెను. కొలిమి ఆరిన ఊరిలో అంగడివానికిని బేరము తగ్గును. ఈ సంగతి పెట్టుబడి శాతములలో కనబడదు.

2021లో అచటనే కొత్త కర్మాగారము యూరియా తయారుచేయ మొదలిడెను. దానికి ఆధారము ఊరి బొగ్గు కాదు. దూరమునుండి గొట్టములద్వారా వచ్చు సహజవాయువు.