నల్లగొండ నీళ్ళు – జల సాధన సమితి

మాది నల్లగొండ జిల్లా మెట్ట ప్రాంతంలో వ్యవసాయ కుటుంబం. మా తాత నడుం వంచి, నేలను చూస్తూనే నడిచేవాడు. ముసలితనమంటే ఇంతే కాబోలు అనుకునేవాణ్ణి. ఒకసారి పెళ్ళికని మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది ఊరికి పోయినప్పుడు ఆయన ఈడు వాళ్ళు నిటారుగా నడుస్తుంటే చూశాను. వంచింది వయసు కాదు, నీళ్ళని అప్పుడు తెలిసింది.

మా నేల కింద ఉన్నది గ్రానైటు. ఆ రాళ్ళలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు మెల్లగా నీటిలోకి దిగుతుంది. నీళ్ళు ఎంతకాలం రాతిని అంటుకొని ఉంటే అంత ఎక్కువ దిగుతుంది. అందుకే లోతు బోర్లతో ప్రమాదం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే మొదట పళ్ళు గారపడతాయి, తరువాత ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. కాచితే పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వంగిన ఎముకను సరిచేసే మందు లేదు. మందల్లా మంచినీళ్ళే.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన దేశంలో ఈ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు గుర్తించి రాశారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో రూపొందించింది. దాని పేరే 'నల్లగొండ టెక్నిక్'. కాని రోజూ పటిక కొలిచి, కలిపి, మడ్డి తీసే మనిషి లేనిచోట అది మూలపడింది. శాస్త్రం తెలిసింది గాని నీళ్ళు రాలేదు.

ఇక మిగిలింది అడగడమే. వ్యవసాయశాస్త్రం చదివి బ్యాంకులో పనిచేసిన దుశర్ల సత్యనారాయణగారు ఆ ఉద్యోగం వదిలి, 1980 దశకంలో జల సాధన సమితిని స్థాపించారు. పేరు గమనించండి. అందులో రోగం లేదు, ఆసుపత్రి లేదు, నీళ్ళున్నాయి. బాధితులకు జాలి కాదు, కృష్ణా నీళ్ళు కావాలన్నదే దాని వాదన. సాగర్ ఆనకట్ట మా జిల్లా గడ్డమీదే ఉన్నా, కాలువ కంటే ఎత్తున ఉన్న మా ఊళ్ళకు చుక్క ఎక్కలేదు మరి!

1996 లోక్‌సభ ఎన్నికల్లో సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేశారు. నల్లగొండ బరిలో నిలిచినవాళ్ళు 480 మంది! బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. గెలిచింది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షంగారే. అయితేనేం, మా నీళ్ళ గోడు దేశమంతా విన్నది. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ళ కంటే ముందు చట్టం వచ్చిందన్నమాట.

2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక నల్లా నీళ్ళు మా ఇంటికీ వచ్చాయి. ఇప్పటి పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. తాత మాత్రం ఆ నడుంతోనే పోయాడు.

మొన్న సెలవులకు పోయి మా చేని బోరు నీళ్ళు సీసాలో పట్టి తెచ్చాను. లాబొరేటరీలో జిర్కోనియం–అలిజరిన్ ద్రావణం వేస్తే ఎరుపు పోయి పసుపు తిరిగింది. నాయినకు ఫోన్ చేసి చెప్పాను.

"మీ తాత నడుం జూస్తే తెల్వదా బిడ్డా, రంగు జూడాల్నా?" అన్నాడు.

నిజమే. కాని పొలంలో ఎండకు దప్పికైతే ఆయనా, కూలీలూ ఇప్పటికీ ఆ బోరు నీళ్ళే తాగుతారు. నల్లా ఇంటి దగ్గర ఉంది, పని చేను దగ్గర ఉంది. ఇప్పుడు రోజూ ఇంటి నుంచి క్యాను మోసుకుపోతామని మాట తీసుకున్నాను.

మిత్రులారా! ఈసారి ఊరికి పోతే చేని బోరు నీళ్ళు ఒక్క సీసా తెండి. రంగు చూద్దాం. ఎవరిని ఏమడగాలో ఆ తరువాత కలిసి ఆలోచిద్దాం.

– బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి